ఖాళీ గదికి చెప్పిన మాట

ఈ ఉదయం తేంగాయితిట్టు రేవుకి వెళ్ళి చేపలు తీసుకుని ఆటోలో ఇంటికొచ్చాను. ఒక చేతిలో సంచీ, ఇంకో చేతిలో తాళంచెవి, గేటుని మోకాలితో తోసుకుని, గడప దగ్గర చెప్పులు విడిచి, తలుపు తీస్తూ అలవాటు చొప్పున "వచ్చాను" అన్నాను. ఇంట్లో నరపురుగు లేదు. మా ఆయన పొద్దున్నే సేదరపేట్ కంపెనీ బస్సెక్కి వెళ్ళిపోయారు. పై వాటాలో ఈమధ్యే దిగిన అమ్మాయి బాల్కనీలో బట్టలు ఆరేస్తోంది. మన గోదావరి వైపు పిల్లే, ఇక్కడ చదువుకోడానికి వచ్చింది. తల కిందికి వంచి, "ఆంటీ, అంకుల్ బస్సెక్కడం చూశానే! లోపల ఎవరున్నారు?" అంది. ఎవరూ లేరమ్మా అన్నాను. "మరి ఎవరికి చెప్పారు?" అని నవ్వుతూనే అడిగింది గానీ, చూపు మాత్రం నవ్వలేదు. మా కిటికీ వైపు ఒకసారి, గడప దగ్గర చెప్పుల వైపు ఒకసారి చూసి, తడి బట్ట విదిలించి లోపలికి పోయింది. ఆ చూపు నాకు తెలియదూ! ఒకప్పుడు దాదాపు ఏడాది అదే చూపు మొహానికి తగిలించుకుని ఈ పుదుచ్చేరి అంతా తిరిగినదాన్ని.

మాది యానాం. యానాం వాళ్ళకి ప్రభుత్వోద్యోగం వచ్చిందంటే ఎప్పుడో ఒకప్పుడు పుదుచ్చేరి రాక తప్పదు. నేను వచ్చాను, ఇక్కడి మనిషినే చేసుకున్నాను, ఉండిపోయాను. నా ఉద్యోగం ఇళ్ళ విచారణ. రేషను కార్డులో పేర్లు రాయించుకున్న వాళ్ళంతా నిజంగా ఆ ఇంట్లో ఉంటున్నారా లేదా అని వెళ్ళి చూసి రావాలి. ఈ పనిలో నేను నేర్చుకున్నది ఒక్కటే. మనుషుల్ని అడగకూడదు, వస్తువుల్ని చూడాలి. గడప బయట ఎన్ని జతల చెప్పులున్నాయి, దండెం మీద ఎవరి బట్టలున్నాయి, స్నానాలగది గూట్లో ఎన్ని బ్రష్షులున్నాయి. ఒక ఇంట్లో కోడలు "మా మామగారు లోపల పడుకున్నారు మేడం" అని నిలువునా అబద్ధం చెప్పింది. చేతికర్ర గోడకి జేరేసి ఉంది, నిజమే. దాని పిడి మీద మాత్రం సాలెగూడు ఉంది. ఇచ్చిన కాఫీ తాగి లేచొచ్చాను. ఉద్యోగాన్ని ఆఫీసులోనే వదిలి ఇంటికి రావాలని పెద్దవాళ్ళు చెబుతారు. ఫైళ్ళంటే వదిలి వస్తాం గానీ కళ్ళు ఎక్కడ వదిలి వస్తామండీ?

మా ఆయనది ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగు. వాళ్ళ తాతలెప్పుడో మిల్లు పనికొచ్చి స్థిరపడ్డారు. ఇంట్లో తెలుగే, కానీ అందులో సగం తమిళం. పెళ్ళయిన కొత్తలో నేను వంటింట్లో సాయం చేయబోతే ఆయన "సుమ్మా ఉండు" అన్నారు. నన్ను కసిరారనుకుని ఆ పూట అన్నం మానేశాను. ఊరికే కూర్చోవే అని బుజ్జగించారని మా వదిన చెబితే తెలిసింది. ఇంకో సంగతి, ఆయనకి తెలుగు చదవడం రాదు. ఇక్కడి మన వాళ్ళలో చాలామందికి రాదు, అదేం చిన్నతనం కాదు. యానాం తీసుకెళితే కొట్ల మీది బోర్డులు నేను పైకి చదవాలి, ఆయన వినాలి. నేర్పుతానని పలకా బలపం కూడా కొన్నాను. "ఇంక నాకెందుకులేవే" అని ఆ పలక తీసుకెళ్ళి బియ్యం డబ్బా మీద మూతగా పెట్టారు.

అసలు ఆయనతో నాకున్న పెద్ద పేచీ అక్షరాలు కాదు, రాకపోకలు. ఆయన ఇంట్లోంచి వెళ్ళేటప్పుడు వెళ్ళొస్తానని అనరు. వచ్చేటప్పుడు వచ్చాననీ అనరు. నేను తిరగమోత వేసి వెనక్కి తిరిగేసరికి కుర్చీలో కూర్చుని ఉంటారు. గుండె గుభేలుమనేది. ఒకసారి వేడి గరిటె చేతిలోంచి జారి కాలి మీద పడింది కూడా. "వచ్చానని ఒక్క ముక్క అంటే నోటి ముత్యాలు రాలిపోతాయా?" అని కేకలేశాను. ఆయన నింపాదిగా, "చూస్తా ఉండావు గదా, వచ్చినా. మళ్ళీ చెప్పేది ఏంది?" అన్నారు. అమ్మాయి పుట్టింది, పెరిగింది, చెన్నైలో ఉద్యోగంలో చేరింది. అన్నేళ్ళూ ఆయన చప్పుడు లేకుండానే వచ్చేవారు.

ఆయన పనిచేసే మిల్లు మూతపడ్డాక సేదరపేట్‌లో ఒక ఫ్యాక్టరీలో సూపర్‌వైజరుగా కుదిరారు. అక్కడివి జపాన్ మిషన్లు. వాటి వెంట అప్పుడప్పుడూ జపాన్ ఇంజనీర్లు వచ్చి వెళ్ళేవారు. వాళ్ళకి ఈయన మాట రాదు, ఈయనకి వాళ్ళ మాట రాదు, అయినా మిషన్ పక్కన నిలబడి గంటలు గంటలు చేతులతో మాట్లాడుకునేవారట. ఒక ఆదివారం వంజరం పులుసు పోసుకుని తింటూ తింటూ, ముల్లు తీసి కంచం అంచున పెట్టి, "నేను జపాన్ పొయ్యి చదువుకుంటా" అన్నారు. పొలమారింది. ఆయనకి కాదు, నాకు. అక్కడ ఒక విశ్వవిద్యాలయంలో బయటి దేశాల విద్యార్థులకి జపనీసు నేర్పే ఏడాది కోర్సు ఉందట. కంపెనీ పూచీ పడి పంపిస్తుందట. నేర్చుకుని వస్తే మిషన్ దగ్గర పని మాన్పించి దుబాసీగా వేసుకుంటారట. మనిషికి యాభై దాటాయి, చెవుల పైన జుట్టు నెరిసింది. "ఈ వయసులో మీరు విద్యార్థా?" అంటే, "ఇంజనీరు సారు అడిగినాడు, వస్తావా అని. నాకు ఆశగా ఉండాది" అన్నారు. వాళ్ళకి రాయడానికి ఒకటి కాదు, మూడు రకాల అక్షరాలున్నాయని తరవాత తెలిసి ఒళ్ళు మండిపోయింది. కట్టుకున్న పెళ్ళాం తన సొంత భాష అక్షరాలు నేర్పుతానంటే వద్దన్న మనిషి, ఎవరో పిలిస్తే సముద్రాలు దాటి వెళ్ళి మూడు రకాలు నేర్చుకుంటాడా? ఇందులో ఏదో ఉంది అనిపించింది. అమ్మాయికి ఫోన్ చేసి చెబితే పకపకా నవ్వి, "అమ్మా, నాన్నకి అంత సీను లేదు. చదువుకోనీ" అంది.

చెన్నై విమానాశ్రయంలో దిగబెట్టాం. సామాన్ల బండి తోసుకుంటూ ఆయన అద్దాల తలుపు దాకా వెళ్ళారు. "వెళ్ళొస్తాననండి" అని వెనక నుంచి అందించాను కూడా. ఆయన వెనక్కి చూసి తలూపి, ఆ తలుపులోంచి వెళ్ళిపోయారు. ఆ మాట అనకుండానే పోయారు. మర్నాడు మా వదిన, అంటే మా ఆయన అక్క, కిరుమాంబాక్కం నుంచి మునక్కాయల కట్ట పట్టుకుని బస్సు దిగింది. దిగీ దిగగానే, "పొయ్యొస్తా అని చెప్పినాడా?" అని అడిగింది. లేదన్నాను. వదిన మునక్కాయలు నేల మీద పడేసి, "అదేందిమ్మా! అంత దూరం పొయ్యేటోడు పొయ్యొస్తా అని అనకుండా పోతాడా? మొగోడు ఈ వయసులో సదువు అంటే నువ్వు ఎట్ల నమ్మినావు? యాడన్నా ఉండాదా ఇది?" అంది. ఆవిడ తమ్ముడి మీద ప్రేమతో అందో, నా మీద జాలితో అందో, ఊరికే నోరు దురద పెట్టి అందో నాకు ఇప్పటికీ తెలియదు. నాలో సగం నిద్రపోతున్న అనుమానాన్ని మాత్రం లేపి కూర్చోబెట్టింది.

సాయంత్రం నేను ఆఫీసు నుంచి వచ్చి కాళ్ళు కడుక్కునేసరికి అక్కడ రాత్రి భోజనం వేళ. గ్రంథాలయంలోంచి గదికి నడుస్తూ ఆయన వీడియోలో ఫోన్ చేసేవారు. అక్కడి వీధి చూపించేవారు. దుమ్ము లేదు, కుక్క లేదు, మనిషి లేడు. అంత శుభ్రంగా ఉన్న వీధిని చూస్తే నాకు అదే అనుమానం. ఆ తర్వాత గది. ఒక్క గది, ఒక కిటికీ, ఒక బల్ల. నేను మాట్లాడుతూనే నా పని నేను చేసుకునేదాన్ని. తలుపు దగ్గర రెండు జతల చెప్పులు. బల్ల మీద రెండు కప్పులు. చొక్కాకి ఇస్త్రీ మడత. ఈ మనిషి పెళ్ళైన నాటి నుంచీ తన చొక్కా తాను మడత పెట్టుకుని ఎరగడు! పైగా తినబోయే ముందు చేతులు జోడించి కంచానికి దణ్ణం పెట్టడం ఒకటి. నా వంట అన్నేళ్ళు తిన్నారు, ఒక్కనాడు దణ్ణం మాట దేవుడెరుగు, బాగుందని కూడా అనలేదు. మధ్యలో బల్ల మీది ఇంకో ఫోన్ మోగితే దానికేసి వంగి వంగి "హాయ్, హాయ్" అనేవారు, అంటే వాళ్ళ భాషలో ఔననట. ఇంట్లో నేను పది చెబితే ఒక్కదానికైనా ఔననని మనిషి అక్కడ అన్నిటికీ తల ఊపుతున్నాడంటే, నేర్పుతున్నవాళ్ళెవరో గట్టివాళ్ళే అనుకున్నాను. నా ఉద్యోగంలో పేరుండి మనిషి లేకపోతే పట్టుకోవడం అలవాటు. ఇప్పుడు పేరు లేని మనిషి ఎవతైనా ఉందేమో పట్టుకోవలసి వచ్చింది.

ఇలా ఉండగా ఒక సాయంత్రం ఆయన ఫోన్ చేతిలో పట్టుకునే తలుపు తీసి, బూట్లు విప్పుతూ, గట్టిగా "తదైమా" అన్నారు. స్పష్టంగా, కాస్త మురిపెంగా, చిన్నపిల్లాడు పాఠం అప్పజెప్పినట్టు అన్నారు. నా వీపు నిటారుగా అయింది. "ఎవరికి చెప్పారు?" అన్నాను. ఆయన మొహం ఒక్క క్షణం అదోలా అయి, "ఎవురికీ లేదు. ఈడ అట్ల చెప్పాల" అన్నారు. మర్నాడూ అదే మాట, ఆ మర్నాడూ అదే. నేనూ ప్రతిసారీ అదే ప్రశ్న, ఆయనా అదే జవాబు. ఎవరికీ కాని మాట మనిషి రోజూ ఎందుకు చెబుతాడు? వదినకి చెబితే ఆవిడ రెండు చెవులూ మూసుకుంది. ఆ తర్వాత వేళ్ళ సందులోంచి, "ఇంగా ఏమి చెప్తాడు?" అని అడిగింది.

ఊళ్ళో ఫ్రెంచి వీధుల వైపు, పసుపు గోడల సందులో, ఒక జపానావిడ చిన్న టీ అంగడి నడిపేది. ఇక్కడికొచ్చి ఎన్నో ఏళ్ళయింది, తమిళం నాకంటే బాగా మాట్లాడుతుంది. శనివారం మధ్యాహ్నం, కొట్లన్నీ మూసి వీధి అంతా కునుకు తీస్తున్న వేళ వెళ్ళాను. ఉన్నది ఉన్నట్టు అడుగుతానా? "మా ఆఫీసులో ఒకావిడ ఉందండీ, పాపం, వాళ్ళాయన జపాన్‌లో చదువుకుంటున్నాడు" అని మొదలుపెట్టి, గది, కప్పులు, చెప్పులు, ఆ మాట, అన్నీ చెప్పాను. ఆవిడ పచ్చగా, చేదుగా ఉన్న టీ నా ముందు పెట్టి, శ్రద్ధగా విని, ఆ మాటకి "ఇంటికి వచ్చాను" అని అర్థం అంది. అయితే ఇంట్లో ఉన్నదెవరు? ఆవిడ నవ్వి, ఇంట్లో ఎవరూ లేకపోయినా చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారంది. వాళ్ళమ్మ ఒక్కతే ఉంటుందట, అయినా కూరగాయలు కొనుక్కొచ్చి తలుపు తీసి ఆ మాట అంటుందట. దానికి ఇంట్లోవాళ్ళు చెప్పే జవాబు కూడా ఒకటుందట, "ఒకాయెరి" అని. నాకు ఒక్క ముక్క నమ్మబుద్ధి కాలేదు. ఖాళీ ఇంటికి ఎవరైనా కబురు చెబుతారా? తన దేశపు మనిషి గుట్టు కాపాడుతోంది ఈవిడ అనుకున్నాను. లేస్తుంటే ఆవిడ నా సంచీ అందిస్తూ, "మీ ఆఫీసావిడని దిగులు పడొద్దని చెప్పండి. ఈ టీ కూడా ఆవిడకి తీసుకెళ్ళండి" అంది. కళ్ళలో నవ్వు దాచుకోలేకపోయింది. ఆ పొట్లం పుచ్చుకుని సిగ్గుతో గబగబా వచ్చేశాను, టీ మాత్రం బాగానే ఉంది.

ఆ తర్వాత చలికాలంలో గది కిటికీ మారింది. ముందరి కిటికీకి తెల్ల తెర, దీనికి బూడిదరంగు తెర. "ఇల్లు మారారా?" అంటే, "లేదే, అదే బిల్డింగే" అన్నారు, కళ్ళు పక్కకి తిప్పుకుని. ఇళ్ళ విచారణలో తొలి అబద్ధం ఎప్పుడూ ఇంటి గురించే వస్తుంది. ఆ రాత్రి అన్నం సయించలేదు. ఇంకొన్నాళ్ళకి ఒక సాయంత్రం ఆయన తలుపు తీసి "తదైమా" అన్నారు. లోపల్నించి తేటగా, లేతగా ఒక ఆడగొంతు "ఒకాయెరీ" అంది. ఆయన ఫోన్ చటుక్కున కింద పడేసినట్టున్నారు, తెర నల్లబడింది, లైను తెగిపోయింది.

నేను వంటింటి గట్టు మీద కూర్చుండిపోయాను. కోపం కంటే ముందు సిగ్గేసింది. వీధిలో అందరికీ కంపెనీ పంపించిందని గొప్పగా చెప్పుకున్నాను. ఆ తర్వాత ఏడుపొచ్చింది. నేను ఆయనని ప్రేమించాననో, ఆయన నన్ను ప్రేమించారనో మేమెప్పుడూ అనుకున్నవాళ్ళం కాదు, ఆ మాటలు మా ఇంట్లో లేవు. కానీ నేను తిరగమోత వేసి వెనక్కి తిరిగితే ఆ కుర్చీలో ఆయన ఉంటారు, అదే నా కాపురం. ఇప్పుడు ఆయన ఇంకో తలుపు తీసి వచ్చానని చెబుతున్నారు, లోపల్నించి ఇంకెవరో రా అంటున్నారు. నేను నోరు నొప్పి పుట్టేలా అడిగినా ఇవ్వని ఆ ఒక్క మాట, అక్కడ రోజూ ఇస్తున్నారు! ఆయన మళ్ళీ మళ్ళీ ఫోన్ చేశారు, నేను ఎత్తలేదు. వదిన వచ్చి నా పక్కన కూర్చుని, ఈసారి ఏమీ అనకుండా, చింతపండు గింజలు తీసి పెట్టి వెళ్ళింది. ఆవిడ నోరు మూసుకోవడంతో నాకు నిజంగా భయమేసింది.

ఎన్నాళ్ళని ఎత్తకుండా ఉంటాను? ఒక ఆదివారం ఎత్తాను. కొత్త చీర కట్టుకుని, ఆఫీసు కళ్ళజోడు పెట్టుకుని ఎత్తాను. "ఏమే, ఒంట్లో బాగుండాదా?" అన్నారు. "ఫోన్ తిప్పి ఇల్లంతా చూపించండి" అన్నాను. "ఎందుకే?" అన్నారు. "విచారణ" అన్నాను. ఆయనకి నా విచారణ సంగతి తెలుసు. కాసేపు గడ్డం గోక్కుని, పెద్ద నిట్టూర్పు విడిచి, ఫోన్ తిప్పారు.

అది గది కాదు, పొడుగాటి వంటిల్లు. మధ్యలో బల్ల, చుట్టూ ఐదారుగురు పిల్లలు, అందరూ మా అమ్మాయి కంటే చిన్నవాళ్ళు. ఒకడు నూడుల్స్ తింటున్నాడు. ఒక నేపాలీ పిల్ల జుట్టు ముడిలో పెన్సిలు గుచ్చుకుని, చేతిలో అక్షరాల అట్టముక్కలు పట్టుకుని, నన్ను చూసి "నమస్తే ఆంటీ!" అంది. అదే గొంతు. తేట గొంతు, లేత గొంతు. అందరూ కలిసి ఉండే విద్యార్థుల ఇల్లట అది. ఎవరు బయట్నించి వచ్చి ఆ మాట చెప్పినా, వంటింట్లో ఎవరుంటే వాళ్ళు జవాబు చెబుతారట. అంతటితో వదిలిపెడితే నేను నేనెలా అవుతాను? ముందున్న గదిలో రెండు జతల చెప్పులు ఎవరివన్నాను. ఒక జత కక్కసుకి వేసుకుని వెళ్ళడానికి విడిగా ఉంటుందట. రెండో కప్పు? గడ్డం గీసుకునే బ్రష్షు పెట్టుకోడానికట. ఇస్త్రీ ఎవరు చేశారు? "నేనే చేసినా. ఇంగెవురు చేస్తారు నాకు?" అన్నారు. అన్నీ సరిపోయాయి. సరిపోనిది ఒక్కటే. "అయితే ఇల్లు మారలేదని ఎందుకు చెప్పారు?" అన్నాను.

ఆయన ఫోన్ పట్టుకుని మెట్ల మీదికి వెళ్ళి కూర్చున్నారు. వెనక కిటికీలో మంచు పడుతోంది. "మొదటి పరీక్షలోనే పొయినా" అన్నారు. "కింది క్లాసులో వేసినారు. ఒంటిగా ఆ రూములో కూచుంటే ఒగ అక్షరమూ బుర్రకి ఎక్కలా. ఈ పిల్లోళ్ళు మాతో వచ్చెయ్ తాతా, మేం నేర్పిస్తాం అన్నారు. వచ్చేస్తి. ఇంగ ఆరు నెలలు ఎక్కువ పడతాది. నువ్వు నాలుగు బాసలు రాసేదానివి. నీకు ఫెయిలని ఎట్ల చెప్పేది?" నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నా అనుమానం తప్పు కాదు. ఆయన దాచారు, నేను పట్టుకున్నాను. కాకపోతే దాచింది ఆడమనిషిని కాదు, మార్కుల్ని. సంతోషంగా ఉండాల్సింది పోయి నాకు మనసులో ఇంకా ఒక మూల తొలుస్తూనే ఉంది. "ఇప్పుడంటే ఈ పిల్లలున్నారు. ముందు ఒంటి గదిలో ఉన్నప్పుడు ఎవరికి చెప్పేవారు ఆ మాట? నిజం చెప్పండి" అన్నాను.

 ఆయన నాకేసి కాకుండా తన మోకాళ్ళకేసి చూస్తూ అన్నారు. "క్లాసులో నేర్పినారు, ఇంటికి వస్తే అట్ల చెప్పాల అని. ఆ రూము నా ఇల్లు కాదు గదా, దానికి ఎట్ల చెప్పేది అనుకుంటి. చేతిలో ఫోనుండాది, ఫోనులో నువ్వుండావు. నీకే చెప్తా ఉంటి. నువ్వు జవాబు చెప్పలా. ఎవురికి చెప్పినారు, ఎవురికి చెప్పినారు అని అడుగుతా ఉంటివి."

నేను ఆ గదిలో చెప్పులు చూశాను, కప్పులు చూశాను, కిటికీ తెర రంగు కూడా చూశాను. ఆయన ఆ మాట అన్న ప్రతిసారీ అక్కడున్న మనిషిని నేనేనని నాకు తట్టలేదు. "ఏమే, లైన్లో ఉండావా?" అన్నారు. ఉన్నానన్నాను. "చలిగా ఉంది కదా, మెట్ల మీంచి లేవండి ముందు" అని కసిరాను. ఆ సాయంత్రమే వదినకి ఫోన్ చేసి సంగతంతా చెప్పాను. ఆవిడ ఊపిరి బిగబట్టి విని, "ఫెయిలయినాడా? ఇంతేనా?" అంది. ఆ గొంతులో కాస్త నిరాశ కూడా వినబడింది. తర్వాత తేరుకుని, "పోనీలే, మునక్కాయలు పంపిస్తా" అని పెట్టేసింది.

ఆయన తిరిగొచ్చిన రోజు నేను చెన్నై వెళ్ళలేదు, అమ్మాయి వెళ్ళి తీసుకొచ్చింది. నేను కావాలనే వంటింట్లో, తలుపుకి వీపు పెట్టి నిలబడ్డాను. అంతకు ముందు వారాల్లో ఆ జపానావిడ అంగడికి వెళ్ళి జవాబు మాట పలకడం సాధన చేసి వచ్చాను. ఈసారి ఆఫీసావిడ పేరు మీద కాదు, నా పేరు మీదే వెళ్ళాను. కారు ఆగింది. గేటు చప్పుడు లేదు, అడుగుల చప్పుడు లేదు. పొయ్యి మీద పులుసు ఉడుకుతోంది. గడప దగ్గర బూట్లు విప్పిన చప్పుడు వినబడింది. కాసేపు ఏమీ లేదు. సరే, మళ్ళీ మొదటికొచ్చింది అనుకున్నాను. అప్పుడు వెనక నుంచి, జపనీసులో కాదు, మా ఆయన ఇంటి తెలుగులో, "వచ్చినా" అన్నారు. నేర్చుకున్న జవాబు నాలుక చివర దాకా వచ్చి అక్కడే ఉండిపోయింది. "కాళ్ళు కడుక్కోండి, అన్నం పెడతాను" అన్నాను. నేను వెనక్కి తిరగడానికి కొంచెంసేపు పట్టింది, ఆ మొహంతో ఎలా తిరుగుతాను? అమ్మాయి మాత్రం ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, "మీ ఇద్దరికీ ఏమైంది?" అంది.

ఇప్పుడు ఆయన సేదరపేట్‌లో దుబాసీ. పొద్దున "పొయ్యొస్తా" అని వెళతారు, సాయంత్రం "వచ్చినా" అని వస్తారు. బియ్యం డబ్బా మీది పలకని కూడా ఎప్పుడో దింపారు, గుణింతాల దగ్గర ప్రస్తుతానికి ఆగి ఉన్నారు. నాకు అనుమానం పోయిందనుకుంటున్నారేమో, అదేం లేదు. మొన్న కంపెనీ నుంచి ఆలస్యంగా వచ్చి, వచ్చినా అన్న మాట మరీ తియ్యగా అన్నారు. ఏం దాచారా అని సంచీ చూస్తే, వద్దని నేను చెప్పిన జిలేబీ బయటపడింది. ఆయన ఇంట్లో లేని వేళ నేను బయట్నించి వస్తే మాత్రం, తాళం తీస్తూ నా నోటి వెంట ఆ మాట దానంతటదే వచ్చేస్తుంది. వంటింట్లో ఆయన ఎప్పుడూ కూర్చునే ఆ కుర్చీ ఉంది కదా, దానికి వినబడితే చాలు.

వంజరం ముక్కలు కోసి పసుపు, ఉప్పు రాసి పెట్టాను. సాయంత్రం కంపెనీ బస్సు వీధి మొదట్లో ఆగిన చప్పుడు నాకు ఇక్కడికి వినబడుతుంది, అయినా నేను పొయ్యి దగ్గర అటు తిరిగే ఉంటాను, ఆయన చెప్పేదాకా ఇటు తిరగను. పై వాటా పిల్ల మళ్ళీ బాల్కనీలోకి వచ్చి మా గడప దగ్గర చెప్పులు లెక్కపెడుతోంది, కిటికీలోంచి కనబడుతూనే ఉంది. ఎవరికి చెప్పారు అన్న ప్రశ్నకి జవాబు తెలియడానికి నాకు సగం జీవితం పట్టింది, పాపం దానికి ఇంకా బోలెడు కాలం ఉంది.